పిన్నీసు పడని ఒంటికి ఆపరేషన్ పిన్నులు: ఒడిశా సరిహద్దు తెలుగువారు తెలుసుకోవలసినవి

పుస్తెలతాడుకు తగిలించిన పిన్నీసులు ఆనే చోట గుండెల మీద దురద. గిల్టు కమ్మలు పెట్టుకున్న రెండో రోజుకే చెవి తమ్మె రసి కారడం. జీన్స్ గుండీ ఆనే చోట, బొడ్డు కింద నల్లబడి గరుకెక్కిన మచ్చ. వాచీ బకిల్ కింద పొక్కులు. వీటిలో ఏ ఒక్కటి పదేపదే వస్తున్నా మీకు నికెల్ అనే లోహం పడదని అనుమానించాలి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇది చిన్న సంగతే, ఆ నగ తీసి పక్కన పెడితే తగ్గిపోతుంది. ఆపరేషన్ అయ్యాక కోతను మూయడానికి స్టేప్లర్‌తో వేసిన పాతిక ముప్పై స్టీలు పిన్నులు పొట్ట మీద పది రోజులు ఉండిపోతే మాత్రం తీసి పక్కన పెట్టే వీలు లేదు. అందుకే ముందే చెప్పాలి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కొరాపుట్ వైపు తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. చాలామందికి ఆపరేషన్ విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో జరుగుతుంది. పిన్నులు తీయించుకోవడం మాత్రం ఇంటి దగ్గర ఆసుపత్రిలో. కోసిన డాక్టరు ఒక రాష్ట్రంలో, కట్టు మార్చే నర్సు ఇంకో రాష్ట్రంలో ఉంటారు. ఇద్దరి మధ్యా మాట మోసేది మీ చేతిలో ఉన్న కాగితం ఒక్కటే. ఆ కాగితం మీద ఏం ఉండాలో, దురద మొదలైతే ఏం చేయాలో వరసగా చూద్దాం.

నికెల్ అలెర్జీ ఉందని అవసరమైన ఆపరేషన్ మానుకోనక్కర్లేదు. పిన్నుల బదులు దారంతో కుట్టవచ్చు. దారం పిన్నుల కన్నా చవక, ఆపరేషన్లు చేసే ప్రతి చోటా ఉంటుంది. ఆ సంగతి కోసే డాక్టరుకు ముందే తెలిస్తే చాలు.

పిన్నులో ఏముంది, ఒంట్లో ఏం జరుగుతుంది

చర్మం మీద వేసే పిన్నులు ఎక్కువగా 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు. అందులో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ 10 నుంచి 14 శాతం, మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటాయి. మిగిలినది దాదాపు అంతా ఇనుమే. నికెల్ ఇంత ఉన్నా బయటికి ఊరేది చాలా తక్కువ, ఎందుకంటే క్రోమియానికి గాలి తగలగానే స్టీలు మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. గిల్టు నగకు ఆ రక్షణ లేదు. పైపూత అరిగాక కింద ఉన్న నికెల్ చెమటలోని ఉప్పుకు కరిగి నేరుగా చర్మంలోకి దిగుతుంది. కోస్తా గాలిలో వేసవిలో ఈ దురద ఎక్కువ కావడానికి కారణం అదే. స్టీలు కంచంలో రోజూ తిన్నా ఏమీ కాని మనిషికి గిల్టు కమ్మలు పడకపోవడానికి కారణమూ అదే.

అందువల్ల నికెల్ పడనివారిలో చాలామంది స్టీలు పిన్నులను ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. కొందరికి మాత్రం కుదరదు. పిన్ను కాళ్లు రెండూ చర్మాన్ని గుచ్చుకుని లోపలి తడిలో రోజుల తరబడి ఉంటాయి. రక్తంలో, రసిలో ఉప్పు ఉంటుంది. గిల్టు కమ్మలకే చెవి పుండుపడే రకం మనిషికి ఈ కొద్దిపాటి నికెల్ కూడా చాలు. ఎవరికి వస్తుందో ముందుగా ఖాయంగా చెప్పే పరీక్ష లేదు కాబట్టి, దారంతో కుట్టే వీలున్న చోట దారమే మేలు.

ఈ అలెర్జీ వెంటనే బయటపడదు. చర్మంలోని టి కణాలు (ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం) నికెల్‌ను గుర్తుపట్టి అక్కడ చేరడానికి సమయం పడుతుంది. పాత అలెర్జీ ఉన్నవారికి పిన్ను పడ్డ ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద మొదలవుతుంది. కొత్తగా పుట్టాలంటే వారం పది రోజులైనా పడుతుంది, అప్పటికి పిన్నులు తీసే వేళ అయిపోతుంది. ఊపిరాడకపోవడం, పెదాలూ నాలుకా వాయడం, కళ్లు తిరిగి పడిపోవడం ఈ దారిలో వచ్చేవి కావు. అవి మందులకో, గ్లవ్స్‌లోని లేటెక్స్ రబ్బరుకో వచ్చే వేరే రకం అలెర్జీ లక్షణాలు. ఇంట్లో ఉండగా అలా అయితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ అదే నంబరు.

సూదుల గురించి కూడా భయపడతారు. ఇంజెక్షన్ సూది, కుట్టు సూది స్టీలువే గానీ చర్మంలో ఉండేది క్షణాలే. సెలైన్‌కి చేతిలో ఉంచేసేది సూది కాదు, ప్లాస్టిక్ గొట్టం. సూదిని గుచ్చగానే బయటికి తీసేస్తారు. వీటితో నికెల్ ఇబ్బంది రాదు.

మీది నికెల్ అలెర్జీయేనా

ముందు ఇంట్లోనే లెక్క చూసుకోండి. ఏ వస్తువు, ఒంటి మీద ఏ చోట, పెట్టుకున్న ఎన్ని గంటలకు, తీసేశాక ఎన్నాళ్లకు తగ్గింది అని ఒక కాగితం మీద రాయండి. డాక్టరుకు ఈ నాలుగు జవాబులు సగం పరీక్షతో సమానం.

వస్తువుల్లో జర్మన్ సిల్వర్‌ను అస్సలు నమ్మకండి. దాంట్లో వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. సంతల్లో ఆక్సిడైజ్డ్ కమ్మలు, పట్టీలు, కడియాలుగా వెండి పేరు మీద దొరికేవాటిలో ఇది చాలా ఉంటుంది. "నాకు వెండి కూడా పడదు" అనేవాళ్లలో కొందరికి పడనిది ఈ నికెలే. 22 క్యారట్ల బంగారంలో కలిపేది సాధారణంగా రాగి, వెండి కాబట్టి అది చాలామందికి పడుతుంది. అదే మనిషికి వన్ గ్రామ్ గోల్డ్ పడకపోతే, బంగారం పూత కింద ఉన్న లోహాన్ని అనుమానించాలి.

వస్తువులో నికెల్ ఊరుతోందో లేదో చూసే చుక్కల పరీక్ష ఒకటి ఉంది. డైమిథైల్ గ్లైఆక్సైమ్ ద్రావణం, అమోనియా ద్రావణం రెండు చిన్న సీసాల్లో కిట్‌గా వస్తాయి, ప్రయోగశాల సామాన్లు అమ్మేవారి దగ్గర అడగాలి. దూది పుల్ల మీద రెండింటిలోంచీ కొద్ది చుక్కలు వేసి, వస్తువును అరనిమిషం రుద్దాలి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ ఊరుతున్నట్టు. ఒంటి మీద ఉన్న నగకు ఈ పరీక్ష చేయకూడదు, తీసి కిటికీ దగ్గర చేయాలి, తర్వాత నగనూ చేతులనూ కడగాలి. కొత్త నగ మీద వార్నిష్ ఉంటే రంగు రాకపోవచ్చు, కాబట్టి అరిగిన చోటే రుద్దండి.

నిజంగా తేల్చేది ప్యాచ్ టెస్ట్. చర్మవ్యాధుల డాక్టర్లు చేస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉన్న చోట అడగండి, కిట్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే ఉత్త ప్రయాణం తప్పుతుంది. వీపు పైభాగం మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి బిళ్లల్లో ఒక్కో పదార్థం పెట్టి టేపుతో అంటిస్తారు. నికెల్ సల్ఫేట్ పెట్రోలియం జెల్లీలో 5 శాతం వేస్తారు. కోబాల్ట్, క్రోమేట్ కూడా అదే వరసలో ఉంటాయి. 48 గంటలకు విప్పి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూస్తారు. లోహాలకు ఏడో రోజు కూడా చూడటం మంచిది, ఎందుకంటే కొందరికి ఆలస్యంగా తేలుతుంది. సోమవారం అంటిస్తే బుధవారం, శుక్రవారం, మళ్లీ సోమవారం వెళ్లాలన్నమాట. రాయగడ నుంచో జయపురం నుంచో విశాఖ వెళ్లేవాళ్లు ఆ వారం అక్కడే బంధువుల ఇంట ఉండేలా చూసుకోవడం నయం. 48 గంటలకు ఒక్కసారే చూపించుకుని ఇంటికి వచ్చేస్తే పరీక్ష సగంలో ఆగినట్టే.

ఇది చెడిపోయే కారణాలు కూడా తెలుసుకోండి. వీపు తడిస్తే, చెమట పడితే టేపు ఊడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అంతకన్నా పెద్ద శత్రువు లేదు, వీలైతే కార్తీకం తర్వాత చేయించుకోండి. ఆ వారం పొలం పని, బరువులు ఎత్తడం వద్దు. వీపు తప్ప మిగతా ఒళ్లు తడిగుడ్డతో తుడుచుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే నిజంగా అలెర్జీ ఉన్నా తేలకపోవచ్చు. వీపు మీద స్టెరాయిడ్ పూత రాసి వారం కూడా కాకపోతే అదీ అంతే. మాత్రలు మీరే ఆపేయకండి, వాడుతున్నానని డాక్టరుకు చెప్పండి. రక్తం తీసి చేసే ఐజీఈ పరీక్ష నికెల్ అలెర్జీని చూపించదు, దానికి డబ్బు పెట్టకండి.

ఎప్పుడూ ఏ నగా ఇబ్బంది పెట్టనివారు ఆపరేషన్ ముందు ప్యాచ్ టెస్ట్‌కి పరుగెత్తనక్కర్లేదు. పెట్టుకున్న ప్రతి గిల్టు వస్తువుకూ చర్మం లేచేవారు కూడా, పిన్నులు వద్దనడానికే అయితే, పరీక్ష కోసం ఆగనక్కర్లేదు. డాక్టరుకు చెప్పి దారం అడిగితే సరిపోతుంది. పరీక్ష నిజంగా పనికొచ్చేది ఒంట్లో శాశ్వతంగా లోహం పెట్టబోతున్నప్పుడు.

ఆసుపత్రిలో ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి

ముగ్గురికి చెప్పాలి: ఓపీలో సర్జన్‌కి, మత్తు డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ఆయనకో ఆమెకో, ఆపరేషన్ రోజు థియేటర్ నర్సుకి. ఒక్కరికి చెప్పి మిగతావారికి అందుతుందనుకోవద్దు. చర్మం మూసే సమయానికి సీనియర్ సర్జన్ బయటికి వెళ్లి, స్టేప్లర్ జూనియర్ చేతిలో ఉండవచ్చు. కేస్ షీట్ పైన ఎర్ర సిరాతో రాసి ఉంటే అది అందరికీ కనిపిస్తుంది. రాయమని అడగండి, రాశాక చూపించమనండి.

"ఇనుము పడదు" అని చెప్పకండి. అది ఐరన్ ఇంజెక్షన్ పడదని కేస్ షీట్‌లోకి ఎక్కే ప్రమాదం ఉంది, రక్తహీనత ఉన్న బాలింతకు ఆ పొరపాటు నష్టం చేస్తుంది. "లోహం పడదు" అన్నా ఎవరికీ ఏమీ తెలియదు. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా "నికెల్ అలెర్జీ" అనే చెప్పండి. వెంటనే వివరం కూడా ఇవ్వండి: "గిల్టు కమ్మలకు రెండు రోజుల్లో చెవి పుండు పడుతుంది, పదేళ్లుగా ఇంతే. చర్మానికి స్టేప్లర్ పిన్నులు కాకుండా దారంతో కుట్టండి." చేయవలసింది ఏమిటో కూడా చెప్పిన మాటను డాక్టర్లు మరిచిపోరు.

దారాల్లో రెండు దారులున్నాయి. ఒకటి నైలాన్ లేదా పాలీప్రొపిలీన్, తర్వాత తీసేయాల్సినవి. ఇవి లోహం కాదు, చర్మంతో గొడవ పడటం చాలా అరుదు. రెండోది చర్మం లోపలి పొరలో నడిపే కరిగిపోయే కుట్టు, మోనోక్రిల్ వంటి దారంతో. బయటికి ముడులు కనిపించవు, తీయించే పని లేదు, దారం మూడు నాలుగు నెలల్లో ఒంట్లోనే కరిగిపోతుంది. సిజేరియన్ లాంటి శుభ్రమైన కోతకు, ఘాట్ రోడ్డు దాటి మళ్లీ రాలేనివారికి మాకు నచ్చే పద్ధతి ఇది. చీము పట్టిన పొట్ట, పగిలిన పేగు లాంటి కేసుల్లో మాత్రం సర్జన్ విడివిడి కుట్లే వేయవచ్చు. ఒకటి రెండు కుట్లు విప్పి చీము వదలడానికి వీలుగా ఉంటుందని అలా చేస్తారు. అక్కడ పట్టుబట్టకండి.

తాపీ పని చేసేవారికి ఒక ప్రత్యేకమైన మాట. సిమెంటు తడికి చేతులు పగిలి, దురదపెట్టి, పని మానితే తగ్గి, మళ్లీ పనిలోకి వెళ్తే తిరగబెడుతుంటే అది సిమెంటులోని క్రోమేట్‌కి వచ్చే అలెర్జీ కావచ్చు. తోలు చెప్పుల పట్టీ కింద పాదం దురదపెట్టడం కూడా దీని గుర్తే, తోలును క్రోమియం లవణాలతో పదును చేస్తారు కాబట్టి. అలాంటివారు క్రోమిక్ క్యాట్‌గట్ దారం వద్దని చెప్పాలి. పేరులోనే ఉంది: త్వరగా కరగకుండా ఆ దారాన్ని క్రోమియం లవణాల్లో నానబెడతారు. కాన్పు కుట్లకు అది ఇప్పటికీ వాడే చోట్లున్నాయి. బదులుగా విక్రిల్ అనే కరిగిపోయే దారం అడగవచ్చు.

లోపల పడేవాటి సంగతి కొంత నిశ్చింత. పిత్తాశయం తీసేటప్పుడు వేసే క్లిప్పులు, పేగులు కలిపే స్టేప్లర్ పిన్నులు ఇప్పుడు ఎక్కువగా టైటానియంవి. దూర్బీను పద్ధతిలో చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో వేసే ఫాలోప్ రింగు సిలికాన్ రబ్బరు, దాంట్లో నికెల్ లేదు. అయినా "లోపల ఏ లోహం పెట్టారు" అని అడిగి డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.

ప్లాస్టర్ మాట కూడా మరవకండి. స్టిక్కర్ బొట్టు పెట్టిన చోట నుదురు తెల్లబడినవారు, ప్లాస్టర్ తీశాక చర్మం కందిపోయేవారు అది వేరుగా చెప్పాలి. జిగురు అలెర్జీ, నికెల్ అలెర్జీ రెండూ ఒకటి కావు.

రోడ్డు ప్రమాదంలో తల పగిలి రక్తం కారుతుంటే ఇదేమీ మాట్లాడే సమయం కాదు. పిన్నులు వేయనివ్వండి. రక్తం ఆగడం ముఖ్యం, దురదకు తర్వాత దారి ఉంది.

ఎముకలు, కీళ్లు, గుండె

ఇక్కడ లోహం ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ముందు పరీక్షకు విలువ ఎక్కువ. విరిగిన ఎముకకు వేసే స్టీలు ప్లేట్లు, స్క్రూలు పిన్నుల మాదిరిగానే 316ఎల్. వాటికి బదులు టైటానియం మిశ్రమం ఉంది. అందులో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం, మిగిలినది టైటానియం. ధర ఎక్కువ. నికెల్ అలెర్జీ ప్యాచ్ టెస్ట్‌లో గట్టిగా తేలితే ఆ కాగితం చూపించి టైటానియం అడగండి.

మోకాలి మార్పిడిలో వాడే సాధారణ కీలు కోబాల్ట్, క్రోమియం మిశ్రమం. నికెల్ అందులో 1 శాతం లోపే. అయితే నికెల్ పడనివారిలో కోబాల్ట్ కూడా పడనివారు కొందరుంటారు. ఆక్సిడైజ్డ్ జిర్కోనియం, లేదా పూత వేసిన కీళ్లు దొరుకుతాయి, ముందే తెప్పించాలి. గుండె ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను కట్టే తీగ స్టీలుది. పుట్టుకతో ఉన్న గుండె రంధ్రం మూసే బిళ్లల్లో చాలావాటి చట్రం నిటినాల్, అంటే సగానికి పైగా నికెల్. ఇవన్నీ ఆ విభాగం డాక్టరు తూకం వేసి చెప్పాల్సినవి, నికెల్ పేరు విని పిల్లవాడి గుండె ఆపరేషన్ వెనక్కి నెట్టకండి.

పిన్నులు పడ్డాక: ఎరుపును గుర్తుపట్టడం

ప్రతి పిన్ను కాలు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల లేత ఎరుపు మొదటి వారంలో సహజం. అది అలెర్జీ కాదు, చర్మం గుచ్చుకుంటే అంతే.

అలెర్జీ అయితే దురద ముందుంటుంది, నొప్పి కాదు. రెండు మూడు రోజుల్లో మొదలై రోజురోజుకీ పెరుగుతుంది. కోతకు రెండు వైపులా పిన్ను కాళ్లు దిగిన చోట ఎర్రటి మచ్చలు పూసల్లా వరసకట్టి, సన్నటి నీటి పొక్కులు లేచి, తర్వాత ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పల్చటి రసి కారుతుంది, ఎండి పసుపు పక్కులు కడుతుంది. జ్వరం ఉండదు.

చీము పడుతున్నదైతే నొప్పి, వేడి, గట్టిబడిన వాపు, చిక్కటి చీము, వాసన, 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం. నాలుగో రోజు తర్వాత తగ్గవలసిన నొప్పి పెరుగుతుంటే అనుమానించాలి. కోత నోరు తెరుచుకుంటున్నా, ఒక్కసారిగా నీరు ఎక్కువ కారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు ఉన్నవారికి జ్వరం రాకుండానే చీము పట్టవచ్చు.

ఈ రెండూ కాని మూడోది నిజానికి తరచుగా కనిపించేది. దురద ఆకారం చూడండి. ప్లాస్టర్ అంటించిన మేరకు నలుచదరంగా అంచు తెగి ఉంటే జిగురు పడలేదు. నడుము పక్కకు, పిరుదు కిందికి, అంటే ద్రవం జారి నిలిచిన చోట్ల మంటగా ఎర్రబడితే అయోడిన్ మందు తడి అక్కడే ఉండిపోయి చర్మాన్ని కాల్చింది. పూత రాసిన మేరకంతా లేస్తే ఆ పూతే కారణం. సోఫ్రామైసిన్‌లో ఫ్రామైసెటిన్, నియోస్పోరిన్‌లో నియోమైసిన్ ఉంటాయి. రెండూ దగ్గరి చుట్టాలు, ఒకటి పడనివారికి రెండోదీ పడకపోవచ్చు. "పుండు మానలేదు" అని రోజుకు మూడుసార్లు అదే పూత రాస్తూ పోతే దురద పెరుగుతూ పోతుంది, నింద మాత్రం పిన్నుల మీద పడుతుంది. పిన్నులకు అలెర్జీ అని తేల్చే ముందు పూత ఆపి, ప్లాస్టర్ మార్చి రెండు మూడు రోజులు చూడటం తెలివైన పని.

దురద మొదలైన రోజే చేయవలసినవి: పగటి వెలుతురులో ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి, ఒకటి దగ్గరగా, ఒకటి పొట్ట మొత్తం కనిపించేలా. ఎరుపు అంచు చుట్టూ బాల్ పెన్‌తో గీత గీసి తేదీ వేయండి. మర్నాడు గీత దాటిందో లేదో తెలుస్తుంది. ఆ ఫొటోలను ఆపరేషన్ చేసిన డాక్టరుకు వాట్సాప్‌లో పంపండి. ప్లాస్టర్ తీసి, సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డతో అద్ది ఆరబెట్టి, పైన పొడి గాజు, మెత్తటి బ్యాండేజీ చుట్టండి. దురదకు గోకకుండా గుడ్డ పైనుంచే చల్లటి తడి లేని కాపడం పెట్టవచ్చు.

చేయకూడనివి: పసుపు, కొబ్బరి నూనె, ఆముదం, వేపాకు ముద్ద పచ్చి కోత మీద పెట్టడం. మందుల షాపులో దురదకని ఇచ్చే మూడు మందులు కలిపిన క్రీములు రాయడం. వాటిలోని స్టెరాయిడ్ రెండు రోజులు ఎరుపును దాచి, లోపల చీమును పెరగనిస్తుంది. డాక్టరు చూసి అలెర్జీయే అని తేల్చాక స్టెరాయిడ్ పూత ఇస్తారు, అది కూడా చుట్టూ ఉన్న చర్మానికే గానీ కోత గీత మీద కాదు. సెటిరిజైన్ లాంటి మాత్ర రాత్రి నిద్రకు కాస్త సాయపడుతుంది, ఈ రకం అలెర్జీని మాత్రం ఆపదు.

అసలు మందు పిన్నులు తీసేయడమే. కోత ఎంత అతుక్కుంది అన్నదాన్ని బట్టి సర్జన్ నిర్ణయిస్తారు. వారం దాటితే ముందు ఒకటి విడిచి ఒకటి తీసి, ఆ చోట పేపర్ స్ట్రిప్పులు అడ్డంగా అంటించి, ఒకటి రెండు రోజులకు మిగతావి తీయవచ్చు. నాలుగైదు రోజులకే ఎక్కువైతే పిన్నులు తీసి నైలాన్‌తో మళ్లీ కుట్టాల్సి రావచ్చు. స్ట్రిప్పులు బాగా పట్టడానికి కొందరు టింక్చర్ బెంజాయిన్ అనే జిగురు మందు రాస్తారు. ఇప్పటికే రేగిన చర్మానికి అది వద్దని చెప్పండి, దానికీ అలెర్జీ వచ్చేవారున్నారు. పిన్నులు తీశాక దురద రెండు మూడు రోజుల్లో నెమ్మదిస్తుంది, చర్మం పూర్తిగా సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

పిన్నులు తీయించుకోవడం

మామూలు గడువు: తల మీద 7 నుంచి 10 రోజులు, పొట్ట నిలువుకోతకు 10 నుంచి 14, సిజేరియన్ అడ్డకోతకు వారం అటూ ఇటూ, మోకాలి లాంటి కీళ్ల మీద 14 రోజులు. షుగరు ఉన్నవారికి, స్టెరాయిడ్ వాడేవారికి ఇంకొంచెం పొడిగిస్తారు.

పిన్నులు తీయడానికి రిమూవర్ అనే ప్రత్యేకమైన పరికరం కావాలి. చిన్న ఆసుపత్రిలో అది ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి డిశ్చార్జి రోజే సీలు విప్పని రిమూవర్ ఒకటి ఇమ్మని అడిగి, కాగితాలతో పాటు సంచిలో వేసుకోండి. ఇది మరిచిపోతే ఒక్క పరికరం కోసం పార్వతీపురం మీదుగా మళ్లీ విశాఖ రైలెక్కాలి. డిశ్చార్జి కాగితం మీద మూడు విషయాలు ఉన్నాయో లేదో చూడండి: మొత్తం ఎన్ని పిన్నులు వేశారు, ఏ తేదీన తీయాలి, నికెల్ అలెర్జీ ఉంది. స్టేప్లర్ ఒకటికి సాధారణంగా 35 పిన్నులు వస్తాయి, వాడినన్ని లెక్క వారి దగ్గర ఉంటుంది.

తీసే పద్ధతి నర్సుకు తెలిసే ఉంటుంది, మీరు పక్కన ఉండి చూసేటప్పుడు తెలిస్తే మంచిది. రిమూవర్ కింది దవడ రెండు కొనలనూ పిన్ను అడ్డుకమ్మీ కిందికి దూర్చాలి. పిడిని పూర్తిగా నొక్కాలి. కమ్మీ మధ్యలో వంగి రెండు కాళ్లూ చర్మంలోంచి పైకి లేస్తాయి. రెండు కాళ్లూ బయటికి వచ్చాకే ఎత్తాలి. సగం నొక్కి లాగితే చర్మం చీరుతుంది, నొప్పి అంతా అక్కడే. పక్కు కట్టి అంటుకుపోయిన పిన్నును ముందు సెలైన్ గాజుతో ఐదు పది నిమిషాలు నానబెట్టాలి. ముందు ఒకటి విడిచి ఒకటి తీసి కోత నిలబడిందో చూసి, తర్వాత మిగతావి. తీసినవి పళ్లెంలో లెక్కపెట్టి కాగితం మీద సంఖ్యతో సరిచూడాలి. రసిలో మునిగిన ఒక పిన్ను చర్మంలో ఉండిపోతే నికెల్ పడనివారికి నెల తర్వాత కూడా ఆ ఒక్క చోట పుండు మానదు. లెక్క తప్పితే ఎక్స్‌రేలో తెలిసిపోతుంది.

ఇంట్లో గోళ్ల కత్తెరతోనో ప్లయర్‌తోనో తీయకండి. పిన్ను తీగ సన్నం, కాలు ఒకటి తెగి లోపల ఉండిపోతుంది.

మానాక

చర్మం పూర్తిగా తేటపడి, స్టెరాయిడ్ పూతలూ మాత్రలూ డాక్టరు ఆపేశాక ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. నికెల్‌తో పాటు నియోమైసిన్, జిగురు పదార్థాలు, అయోడిన్ కూడా చూడమని అడగండి. ఆపరేషన్ సమయంలో తగిలినవన్నీ రాసిన డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. ఫలితం కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి, అసలు కాగితం ఆధార్ కార్డు ఉన్న చోటే పెట్టండి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా అది చూపించాలి. పళ్లు సరిచేసే తీగల్లో నిటినాల్ వాడతారు, చవక రకం పంటి తొడుగుల్లో నికెల్, క్రోమియం మిశ్రమం ఉంటుంది. నోట్లో నికెల్‌ను చాలామంది తట్టుకుంటారు గానీ, ప్యాచ్ టెస్ట్‌లో గట్టిగా తేలినవారికి పింగాణీ లేదా జిర్కోనియా తొడుగు వేయమని ముందే అడగవచ్చు.